కాలికి రెక్కలు – ఊపిరికి పొదుపు

భారతయుద్ధపు తుది దినమున సుయోధనుడు మడుగు సొచ్చి, జలస్తంభన విద్యచేత నీటి యడుగున దాగెనని విన్న బాలుడెవ్వడును ఆ సాయంకాలమే బావిలో దిగి, ముక్కు మూసికొని, తానెంతసేపు మునిగి యుండగలడో చూచుకొనక మానడు. మా మైలవరము ప్రాంతమున ఈ పరీక్ష జరుగని మోటబావి యుండియుండదు. ముప్పది లెక్కించువరకు మునిగియున్నవాడు వీరుడు; అరువది దాటినవాడు సాక్షాత్తు సుయోధనుడే. గట్టున నిలిచి లెక్కించువాడు అంకెలను సాగదీసెనా, తొందరపెట్టెనా అను తగవుపై చెడిన స్నేహములు, మరునాటి ఉదయమునకే కలిసిన స్నేహములు ఎన్ని లేవు!

అట్టి బావిలో ఈత నేర్చిన నా పూర్వవిద్యార్థి యొకడు ఇప్పుడు అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున చదువుకొనుచున్నాడు. గత వేసవిలో అతడు ఫోనులో నాకొక సందేశము పంపెను. "మాస్టారూ, ఇక్కడ నేలలోంచి ఉబికివచ్చే మంచినీటి ఊటలున్నాయి. నీళ్ళు అద్దంలా ఉంటాయి. స్నేహితులు ఊపిరి బిగబట్టి మునిగి, నీటి అడుగున ఉన్న గుహల దాకా పోయి చూసి వస్తున్నారు. నాకూ నేర్చుకోవాలని ఉంది. కాళ్ళకు ఫిన్సు కొనాలి. దుకాణంలో చూస్తే లెక్కలేనన్ని రకాలు. నాకు భౌతికశాస్త్రం చెప్పింది మీరే కదా, ఏది కొనాలో మీరే చెప్పాలి."

రెండు దినములు గడువకమునుపే అతని తమ్ముడు, తొమ్మిదవ తరగతి చదువుచున్న బాలుడు, మా యింటికి వచ్చెను. "మాస్టారూ, అన్నయ్యకు చెప్పినదే నాకూ చెప్పండి. రెండు జతలు కొని ఒకటి నాకు పంపుతానన్నాడు. మన బావిలో వేసుకుంటాను" అనెను.

ప్రశ్న యొక్కటే. అడిగినవారు ఇద్దరు. దిగదలచిన నీళ్ళు రెండు. అన్నకు చెప్పవలసిన సమాధానము తమ్మునికి చెల్లునా? ఆ యిద్దరికి చెప్పుటకై నేను చదివినదియు, ఆలోచించినదియు ఇక్కడ వ్రాయుచున్నాను. ఇట్టి ప్రశ్న నడుగు పిల్లలు ప్రతి తరగతిలోను ఒకరిద్దరైనను ఉందురు గనుక ఉపాధ్యాయులకు ఇది పనికివచ్చునని నా ఆశ.

బుడబుంగ చెప్పిన పాఠము

చేపకు రెక్క యెట్టిదో ఈతగానికి ఫిన్ అట్టిది. ఇకమీదట దానిని కాలిరెక్క యని పిలుతును. దాని మర్మము తెలియుటకు దుకాణమునకు పోవుటకంటె ముందు కొల్లేటికి పోవుట మంచిది. మైలవరపు కొండలలో పుట్టిన బుడమేరు చివరకు కలియునది ఆ కొల్లేటిలోనే గదా!

అక్కడ నీటికాకి యున్నది. దాని నాలుగు వ్రేళ్ళను ఒకే పొర కలుపును. ఆ పాదము విచ్చినచో చిన్న విసనకఱ్ఱవలె నుండును. బుడబుంగ తీరు వేరు. దాని వ్రేళ్ళను కలుపు పొర లేదు. ప్రతి వ్రేలికి ఆకువంటి అంచు కలదు. కాలు వెనుకకు తన్నునపుడు ఆ యాకులు విచ్చుకొని నీటిని నెట్టును. కాలు ముందుకు తెచ్చుకొనునపుడు ముడుచుకొని నీటిని కోయును. ఈ పక్షులకు కాళ్ళు దేహమున మిక్కిలి వెనుకకు అమరియుండును. అందుచేత గట్టున నడక వానికి చేతగాదు. నీట మాత్రము పడవకు వెనుక నమరిన చుక్కానివలె, తెడ్డువలె ఆ కాళ్ళు పనిచేయును.

ఈ రెండు పక్షులలో మూడు పాఠములున్నవి. పాదము వెడల్పుగా నుండవలెను. తిరుగు తన్నునందు నీటి కడ్డుపడక వంగవలెను. బలము దేహపు చివరనుండి పుట్టవలెను. మనుష్యుని పాదము నేలను త్రొక్కుటకు పుట్టినది. నేల కదలదు గనుక అది చాలును. నీరు కదలిపోవును గనుక ఆ పాదము చాలదు.

ఇందలి లెక్క పదవ తరగతి విద్యార్థికిని అందునట్టిదే. నీటిని వెనుకకు నెట్టినంతగా మనము ముందుకు పోవుదుము. ఇది న్యూటను మూడవ సూత్రము. ఒక తన్నులో 4 కిలోగ్రాముల నీటిని సెకనుకు 2 మీటర్ల వేగముతో నెట్టితిమనుకొందము. ద్రవ్యవేగము 8, అందుకు వ్యయమైన గతిశక్తి 8 జౌళ్ళు. మరొక తన్నులో 8 కిలోగ్రాముల నీటిని సెకనుకు 1 మీటరు వేగముతో నెట్టితిమి. ద్రవ్యవేగము మరల 8. కాని వ్యయమైన శక్తి 4 జౌళ్ళు మాత్రమే. ఫలము సమానము, ఖర్చు సగము. కొంచెము నీటిని విసురుగా తన్నుటకంటె ఎక్కువ నీటిని నెమ్మదిగా నెట్టుట లాభమని దీని తాత్పర్యము. కాలిరెక్క చేయు పని యిదియే.

ఫ్రాంక్లిను చెక్కలు

ఈ పాఠమును గ్రహించుటకు మానవునకు చాలకాలము పట్టెను. మెరుపును గాలిపటముతో పరీక్షించిన బెంజమిన్ ఫ్రాంక్లిను తన బాల్యమున బోస్టను నగరములో రెండు చెక్కపలకలను చేసికొనెను. చిత్రకారులు రంగులు కలుపుకొను పలకలవలె కోడిగ్రుడ్డు ఆకారమున నుండి, బొటనవ్రేలు దూర్చుటకు రంధ్రము గల పలకలవి. వానిని చేత పట్టుకొని ఈదగా వేగము హెచ్చెను; కాని మణికట్టులు అలసిపోయెను. పాదములకును చెప్పులవంటి పలకలను కట్టి చూచెను. అవి అతనికి తృప్తి కలిగింపలేదు. ఈతలో తన్ను అరికాలితో మాత్రమే కాక పాదపు లోపలి వైపుతోను, చీలమండలతోను పడునని, చెక్క అందుకు ఒదుగదని అతడు కనిపెట్టెను. చిన్నవాడు తెలిసికొన్న యీ సత్యమును నేటికిని కొనువారు మరచుచుందురు: వెడల్పు ఒక్కటే చాలదు, పాదముతో కలిసి వంగవలెను.

వంగునట్టి రబ్బరు వచ్చినగాని ఈ కోరిక తీరలేదు. ఫ్రెంచి నౌకాధికారి లూయీ ద కోర్లియూ 1933లో కాలిరెక్కలకు పేటెంటు పొందెను. అమెరికాకు చెందిన ఓవెన్ చర్చిల్ 1940లో వానిని తన దేశమున అమ్మ నారంభించెను. ఇతడు 1932 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్సునందు తెరచాప పడవల పందెములో బంగారు పతకము గెలిచినవాడు. రెండవ ప్రపంచయుద్ధమున నీటి యడుగున పనిచేయు సైనికులు వీనిని ధరించిరి. కప్పమనుష్యులని వారికి పేరు వచ్చినది.

ఖర్చు కాళ్ళది, సొమ్ము ఊపిరిది

వీపున గాలిసీసా కట్టుకొని మునుగుట ఒక విద్య; ఒక్క ఊపిరితో మునిగి తేలుట మరొక విద్య. ఈ రెండవదానిని ఫ్రీడైవింగు అందురు. సీసా గలవానికి అలసట వచ్చినచో రెండు ఊపిరులు అధికముగా తీసికొనును. ఒక్క ఊపిరివానికి ఆ వీలు లేదు. బయలుదేరునపుడు మూటకట్టుకొన్న ప్రాణవాయువే రాకపోకలకు సరిపోవలెను.

దేహములో పెద్ద కండలు తొడలవి. అవి గట్టిగా పనిచేసినచో ప్రాణవాయువును త్వరగా వ్యయపరచును. కనుక ఒక్క ఊపిరివాడు కాలిరెక్క నెన్నుకొనునపుడు "ఇది నన్ను ఎంత వేగముగా తీసికొనిపోవును?" అని గాక, "ఇది నా ఊపిరిలో ఎంత మిగుల్చును?" అని అడుగవలెను. ఫ్రీడైవింగు కాలిరెక్కలు అంత పొడవుగా నుండుటకు కారణమిదే. గాలిసీసావారి కాలిరెక్క సాధారణముగా మూరన్నర లోపే యుండగా వీరిది ఇంచుమించు రెండు మూరలుండును. పొడవైన రెక్క ఎక్కువ నీటిని నెమ్మదిగా నెట్టును. పైన చెప్పిన లెక్కలో రెండవ తన్ను అదియే.

1949లో ఇటలీవాడగు రైమొండో బుచెర్ కాప్రీ ద్వీపమువద్ద 30 మీటర్ల లోతు మునిగి వచ్చెను. 1976లో ఫ్రెంచివాడగు జాక్ మయోల్ ఎల్బా ద్వీపమువద్ద 100 మీటర్లు చేరెను. ఇట్టి కథలు చదివి, ఆ లోతులకు వారిని చేర్చినది పరికరమని భ్రమపడరాదు. ఏండ్ల తరబడి సాగిన సాధన వారి దేహములను ఆ పనికి సిద్ధపరచినది.

జతను ఎన్నుకొను విధము

పెద్ద విద్యార్థికి నేను వ్రాసినదాని సారాంశమిది.

మొదట చూడవలసినది రెక్కను కాదు. పాదము దూరు తొడుగును. పెండ్లికి వరుని చూడబోయి ఇంటి సింహద్వారమును మెచ్చుకొని వచ్చినట్లు, చాలమంది రెక్క రంగును, మెరుపును చూచి తొడుగును మరతురు. తొడుగు బిగుతైనచో పిక్కలు, అరికాళ్ళు పట్టివేయును. నీటి మధ్య పిక్క పట్టుట పరిహాసము కాదు. వదులైనచో తన్నులో సగము బలము తొడుగులోనే జారిపోవును. మడమ ఒరసి బొబ్బలెక్కును. చెప్పుల కొలత ఒక ఆధారము మాత్రమే. ఒక్కొక్క తయారీదారు కొలత ఒక్కొక్క తీరుగా నుండును. నీటిలో మేజోడు వేసికొను అలవాటున్నచో దుకాణమునను దానితోనే తొడిగి చూడవలెను. కూర్చుండి కాలు చాచి ప్రక్కలకు ఊపవలెను. మడమ జారరాదు. వ్రేళ్ళు ముడుచుకొనరాదు; కొద్దిగా కదలవలెను. పది నిముషములట్లే యుంచుకొనవలెను. ఆ పది నిముషములలో నొచ్చినది నీటిలో అరగంటకు భరింపరానిదగును.

రెండవది గట్టిదనము. నేర్చుకొనువారు చేయు పొరపాటులలో ఇది పెద్దది. గట్టి రెక్క బలవంతుల గుర్తని తలచి దానిని కొందురు. అది వంగదు గనుక మోకాలు వంగును. అప్పుడు ఈతగాడు సైకిలు త్రొక్కుచున్నట్లుండును, నీరు వెనుకకు పోదు. తన్ను తుంటినుండి పుట్టి, మోకాలు కొద్దిగా సడలి, రెక్క చివర కొరడావలె ముగియవలెను. మెత్తని రెక్క యిందుకు సహాయపడును; తప్పుగా తన్నినను దండన తక్కువ. మెత్తన, నడిమి, గట్టి అని తయారీదారులు వ్రాయు గుర్తులు అందరికి ఒకటి కావు. కాబట్టి రెక్క కొనను గోడకానించి మెల్లగా నొక్కి చూడవలెను. వంపు రెక్క పొడవునా సమముగా విల్లువలె రావలెను. ఒక్కచోటనే తలుపు బందువలె మడతపడరాదు.

మూడవది పదార్థము. ప్లాస్టికు రెక్క వెల తక్కువ. రాతికి ఒరసినను, మెట్టుకు తగిలినను ఓర్చును. గాజునారతో చేసినది అంతకంటె చుఱుకైనది. కార్బను నారది తేలికైనది, తన్నిన బలమును చక్కగా తిరిగి యిచ్చునది. కాని వెల యెక్కువ, రాతిదెబ్బకు బీటవారు గుణము గలది. ఊటల యొడ్డున రాళ్ళుండును. క్రొత్తవాని కాలు రాళ్ళను వెదకి మరీ తగులును. అందుచేత మొదటి జత మెత్తని ప్లాస్టికుదే కావలెను. ఒకటి రెండేండ్ల సాధన తరువాత తన తన్ను ఏమి కోరుచున్నదో అతనికే తెలియును.

నాల్గవది మడమ. మడమ వెనుక పట్టీ గల రెక్కలు బూట్లమీద తొడుగుకొనునవి. గాలిసీసావారికి అవి అనుకూలము. ఒక్క ఊపిరివారికి పాదమును పూర్తిగా కప్పు తొడుగు మేలు. అది తేలిక, బలము జారదు. పొడవైన రెక్కలతో గట్టున నడువరాదు. నీటిలో నడుములోతున నిలిచి, తోడివాని భుజము పట్టుకొని తొడుగుకొనవలెను. నాలుగడుగులు వేయక తప్పనిచో వెనుకకు నడువవలెను.

కొన్న తరువాత పరీక్ష యొకటి కలదు. నీటిపైననే, ముఖము నీట నుంచి, 25 మీటర్లు పోయి రావలెను. పిక్కలు పట్టినచో, మోకాళ్ళు సైకిలు త్రొక్కినచో ఆ రెక్క గట్టిది. ఇట్టి పోకలు పది చేసినను రొప్పు రానిచో అది తగిన జత.

మంచినీటి తూకము

సముద్రమునందు నేర్చినవాడు ఊటలోనికి వచ్చినచో ఒక వింత చూచును. తేలుటకు మునుపటంత సులభముగా నుండదు. సముద్రజలము లీటరు 1.025 కిలోగ్రాములు తూగును. మంచినీరు ఒక కిలోగ్రాము. 60 లీటర్ల పరిమాణము గల దేహమును సముద్రము మంచినీటికంటె కిలోన్నర అధికబలముతో పైకెత్తును. కావున సముద్రమునందు నడుమునకు కట్టుకొను సీసపు బరువులను ఊటలో తగ్గింపవలెను. తగ్గింపనివాడు రాతిని కట్టుకొని దిగినవానివంటివాడు.

ఇంకొక సంగతి. దాదాపు 10 మీటర్ల లోతున పీడనము రెండింతలై, ఊపిరితిత్తులలోని గాలి సగమునకు కుదించుకొనును. పరిమాణము తగ్గిన కొలదిని నీరు పైకెత్తు బలము తగ్గును. మొదట దేహము తేలగోరును. కొంతలోతు దాటినపిదప తనంతట మునుగగోరును. దిగుట అప్పువంటిది, ఎక్కుట దానిని తీర్చుటవంటిది. కాలిరెక్క అసలు పరీక్ష తిరుగు ప్రయాణమునందే. అదికాక, బలమైన రెక్క క్రొత్తవానిని చెవులు సర్దుకొనుటకు మునుపే లోతునకు చేర్చును. ముక్కు మూసి చెవులలోని ఒత్తిడిని సరిచేసికొనుట నేర్వనివాడు లోతునకు దిగరాదు. చెవి నొచ్చినచో అక్కడనే మరలవలెను. మెత్తని రెక్క మేలనుటకు ఇది మరియొక కారణము.

ఫ్లోరిడా ఊటల నీరు ఏడాది పొడుగునా ఇంచుమించు 20 నుండి 22 డిగ్రీల మధ్య నుండును. అట్టి తేటనీరు మనకును లేకపోలేదు. నల్లమల పాదమున మహానంది కోనేటిలో ఊటనీరు నిరంతరము ఉబికి పారుచుండును. అడుగు స్పష్టముగా కనబడును. కాని అది పుణ్యస్నానమునకు. మునక సాధనకు గాదు. తేటనీటికి ఒక మాయ కలదు: అడుగు దగ్గరగా కనబడును. నీటిలో కాంతి వంగుటచే పైనుండి చూచినపుడు లోతు మూడువంతులే తోచును. 8 మీటర్ల లోతు 6 మీటర్లవలె కనబడి రమ్మని పిలుచును.

ఋక్షబిలము

ఇక గుహల మాట. సున్నపురాతి నేలలో బొగ్గుపులుసుగాలి కలిసిన వాననీరు రాతిని కరగించి దారులు చేసికొనును. ఫ్లోరిడా ఊటల గుహలు అట్లే యేర్పడినవి. మన నంద్యాల జిల్లాలోని బెలుం గుహలును అట్లే యేర్పడినవి. 3,229 మీటర్ల పొడవు కొలిచిన ఆ గుహలో మిక్కిలి లోతైన చోటు నేలమట్టమునకు 46 మీటర్ల క్రింద నున్నది. దానిని పాతాళగంగ యందురు. అక్కడ నీటిపాయ యొకటి రాళ్ళలోనికి పోయి కనుమరుగగును. దానిని చూచినవారికి, ఆ నీరెచటికి పోవుచున్నదో తెలిసికొనవలెనను కోరిక కలుగుట సహజము. మైలవరమునకు దగ్గరనున్న ఉండవల్లి, మొగల్రాజపురము గుహలు ఉలితో తొలిచినవి. వానిలో నీరు లేదు, ఆ భయమును లేదు.

రామాయణమున కిష్కింధాకాండలో ఋక్షబిలపు కథ కలదు. సీతను వెదకుచు దప్పిగొన్న వానరులు ఒక బిలమునుండి తడిసిన రెక్కలతో వెలువడు పక్షులను చూచి, లోపల నీరున్నదని ఊహించిరి. ఆ చీకటిలో ఒకరినొకరు పట్టుకొని ప్రవేశించిరి. స్వయంప్రభ ఆతిథ్యమిచ్చినది. కాని బయటికి తమంతట రాలేకపోయిరి. ఆమె కన్నులు మూసికొమ్మని చెప్పి వెలుపలికి చేర్చినది. చేరి చూచుకొనునప్పటికి సుగ్రీవుడు పెట్టిన గడువు మించిపోయినది. హనుమంతుడు తోడున్నవారికే బిలములో కాలము తెలియలేదు.

నీటిగుహలో నశించునదియు ముందుగా కాలమే. వెలుపలి నీట మునిగినవానికి భయము కలిగినచో పైకి పోవుటయే దారి. గుహలో పైనున్నది కప్పు. దారి ప్రక్కకున్నది. ఆ దారిని చూపునది వెలుతురు. నేలమీద తరతరాలుగా కూడిన ఒండ్రుమట్టి పౌడరువలె నుండును. పొడవైన కాలిరెక్క ఒక్కసారి క్రిందికి విసరినచో ఆ మట్టి లేచి, అద్దమువంటి నీరు క్షణములో కుడితివలె నగును. వచ్చిన వాకిలి కనబడదు. వెలుపల ఏ పొడవు రెక్క ఊపిరిని పొదుపు చేసెనో, లోపల అదే రెక్క వెలుతురును హరించును.

గాలిసీసాలతో గుహలలో తిరుగువారు ప్రత్యేకశిక్షణ పొందినవారు. వారు పొట్టిరెక్కలు ధరించి, మట్టి లేవకుండ కప్పవలె ప్రక్కలకు తన్నుదురు. వాకిటినుండి త్రాడు పరచుకొనుచు పోవుదురు. గాలిని మూడు వంతులు చేసి, ఒక వంతు పోవుటకు, ఒక వంతు వచ్చుటకు, ఒక వంతు ఆపదకు ఉంచుకొందురు. ఒక్క ఊపిరివానికి మూడవ వంతెక్కడిది? ఇన్ని జాగ్రత్తలు గలవారికిని ప్రమాదము తప్పదు. 2018 జూన్ 23న థాయిలాండులోని థామ్ లువాంగ్ గుహలో పండ్రెండుగురు బాలురు, వారి శిక్షకుడు వరదచే చిక్కుకొనిరి. వారందరు జూలై 10 నాటికి ప్రాణములతో బయటపడిరి. కాని వారికొరకు గాలిసీసాలను లోపల అమర్చి వచ్చుచు, ఆ దేశపు నౌకాదళమున పూర్వము పనిచేసిన సమన్ కునన్ జూలై 6న మరణించెను. నీటిని జీవితాంతము ఎరిగినవానికే గుహ దారి ఇయ్యలేదు.

అందుచే నా విద్యార్థికి ఇట్లు వ్రాసితిని: "నాయనా, గుహకు తగిన కాలిరెక్క ఏదని అడిగావు. నేర్చుకొనువానికి అట్టిది లేదు. ఫ్లోరిడాలో గుహల ముఖముల వద్ద కొడవలి పట్టిన మృత్యువు బొమ్మతో హెచ్చరిక పలకలు ఉంటాయని చదివాను. ఆ పలక దగ్గరకైనా పోవద్దు. తలపైన ఆకాశము కనబడుచున్న నీటిలోనే మునుగుము. గుహను వాకిటి బయటనుండి చూడుము; దాని అందము అక్కడినుండియు కనబడును."

ఇంకొక హెచ్చరికయు వ్రాసితిని. ఊపిరి కావలెనను తహతహ కలిగించునది ప్రాణవాయువు తగ్గుట కాదు, బొగ్గుపులుసుగాలి పెరుగుట. మునుగుటకు ముందు వేగముగా పలుమార్లు గాలి పీల్చి వదలినచో ప్రాణవాయువు అంతగా పెరుగదు. బొగ్గుపులుసుగాలి మాత్రము తగ్గును. అనగా కోశాగారము నిండలేదు, కావలివాడు మాత్రము నిద్రపోయినాడు. తహతహ పుట్టకమునుపే స్పృహ తప్పును. పైకి వచ్చునపుడు పీడనము తగ్గి ప్రాణవాయువు అందుట ఇంకను తగ్గును గనుక, ఈ మూర్ఛ తరచుగా నీటిపైకి చేరుచుండగనో, చేరిన పిదపనో వచ్చును. అరచుట ఉండదు, కొట్టుకొనుట ఉండదు. అందుచే ఒంటరిగా మునుగరాదు. ఒకడు మునిగినపుడు రెండవవాడు పైన నుండి చూడవలెను. ఇద్దరు ఒక్కసారి మునుగరాదు.

తమ్మునికి చెప్పిన సమాధానము

చిన్నవానిని దగ్గర కూర్చుండబెట్టుకొని అడిగితిని: "మీ బావికి మెట్లున్నవా?" ఒక ప్రక్క ఉన్నవనెను. "లోతెంత?" తెలియదనెను. "మోటారు పైపులున్నవా?" ఉన్నవి. "అడుగున?" బురద, పాత పైపుముక్కలు. "తీగలు?" వ్రేలాడుచున్నవి.

"ఇప్పుడు చెప్పు, అది బావియా, గుహయా?" అంటిని. బాలుడు కొంతసేపు ఆలోచించి, "పైన కప్పు లేదు కానీ గుహే మాస్టారూ" అనెను. ఉపాధ్యాయునికి అంతకంటె తృప్తినిచ్చు సమాధానము వేరొకటి లేదు.

మా ప్రాంతమున చెరువులు, కాలువలు, బావులు కలవు. జగ్గయ్యపేట వైపున సున్నపురాయి త్రవ్వుదురు. త్రవ్వి విడిచిన గుంటలెక్కడనున్నను వాన నీటితో నిండును. అంచు నిట్టనిలువుగా దిగును, లోతు కనబడదు, ఎక్కుటకు పట్టు దొరకదు. కాలువ నీటికి వడి యుండును. ఇట్టి నీటిలో కాలిరెక్క బలము కాదు, మోసము. దానిని తొడుగుకొన్నవాడు తన ఈతకు మించిన చోటికి పోవును. అది ఊడినచో తన ఈతయే అతనికి మిగులును. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము 2021లో ప్రపంచమున దాదాపు 3 లక్షలమంది నీట మునిగి చనిపోయిరి. అందులో సగముకంటె ఎక్కువమంది ముప్పది ఏండ్లు నిండనివారు. ఆ సంవత్సరమే ఐక్యరాజ్యసమితి జూలై 25వ తేదీని నీటిమునక నివారణ దినముగా నిర్ణయించినది. పాఠశాలలు తెరచిన కొలది వారములకు వచ్చు ఆ దినమున ప్రతి తరగతిలోను ఒక గంట ఈ పాఠమునకు కేటాయించినచో మంచిది.

చిన్నవానికి నేను పెట్టిన నియమములు కొన్నియే. రెక్కలు లేకుండ 200 మీటర్లు ఆగకుండ ఈదుట, పది నిముషములు వెల్లకిల తేలుట మొదట నేర్వవలెను. తరువాత పొట్టివి, మెత్తనివి ఒక జత. అవియు శిక్షకుడున్న ఈతకొలనులో, నిలువలోతు దాటని చోట, నీటిపైన ఈదుటకు మాత్రమే. గట్టున ఈత తెలిసిన పెద్దవాడొకడు, అతని చేత త్రాడు, ప్రక్కన తేలు వస్తువు ఉండవలెను. మా చిన్నతనమున ఎండు సొరబుర్రయు, బెండుకట్టయు ఆ పని చేసెడివి. లారీట్యూబు తరువాత వచ్చినది. ఊపిరి పందెములు వలదు.

చివరి నియమము విని అతడు చిన్నబోయెను. "మరి లెక్కపెట్టడం కూడా వద్దా మాస్టారూ?" అని అడిగెను.

"వద్దనలేదు, లెక్క మొదలుపెట్టు చోటు మార్చుము" అంటిని. "మనము తల మునిగినప్పటినుండి లెక్కించెడివారము. తల నీటిపైకి వచ్చినప్పటినుండి లెక్కింపుము. ముప్పదివరకు తోడివాని ముఖమునే చూడుము. వాడు ఊపిరి తీసికొని, కన్నులు తెరచి, నీతో మాట్లాడినగాని చూపు మరల్చకుము." ఈ ముప్పది సెకనుల కాపలా ఫ్రీడైవింగు నేర్చిన వారందరు పాటించునదే; నా కల్పన కాదు.

తరువాత కొన్ని వారములకు అన్న యొద్దనుండి సందేశము వచ్చెను. మెత్తని ప్లాస్టికు జత కొనెను. ఒక శిక్షకునియొద్ద చేరెను. ఊటలో నాలుగు నిలువుల లోతున అడుగునున్న చేపలను చూచి వచ్చెను. గుహ వాకిలిని పైనుండి చూచి మరలెను. తమ్మునికి ఒక పొట్టి జతయు, దానితోపాటు ఒక తేలుచొక్కాయు పంపెను. ఆ జత తగిన కొలను దొరకువరకు వాని యింట గోడమేకుకు వ్రేలాడుచునే యున్నది. మొన్న ఆదివారము నేను బావివైపు పోవుచుండగా పిల్లల లెక్క వినబడెను. ఒకడు మెట్లవద్ద తల పైకెత్తి మెట్టు పట్టుకొని రొప్పుచుండెను. గట్టున నిలిచిన మా చిన్నవాడు వానిమీదనుండి చూపు త్రిప్పక, ఇరువదియేడు, ఇరువదియెనిమిది అని లెక్కించుచుండెను.